ల్యాప్‌టాప్‌లో నడిచిన సాఫ్ట్‌వేర్ ఊళ్లో ఎందుకు మొరాయిస్తుంది?

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక ఆఫీసు. ధ్రువపత్రాలు ముద్రించే చిన్న ప్రోగ్రామ్ రాసే పని ఒక కుర్రవాడికి అప్పగించారనుకుందాం. పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులో పడాలి. అతను తన ల్యాప్‌టాప్‌లో 'పాములపాడు' అని కొట్టి చూశాడు. అక్షరాలు చక్కగా వచ్చాయి. పైవాళ్లు చూసి బాగుందన్నారు. ప్రోగ్రామ్‌ను సర్వర్ మీదికి ఎక్కించారు. మర్నాడు నంద్యాల జిల్లా పాములపాడులో ఒకాయన ధ్రువపత్రం తీసుకుంటే, ఊరి పేరు ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు వరసగా కనిపించాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మరి ఊరి పేరు ఏమైనట్టు?

కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. దానితోపాటే తెలుగు ఫాంట్లు వస్తాయి. ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి వచ్చేది, తర్వాత నిర్మలా యూఐ వచ్చింది. సర్వర్‌లో ఉన్నది లినక్స్, అదీ అవసరమైనంత మేరకే కుదించి పెట్టినది. తెర కూడా లేని యంత్రానికి ఫాంట్లెందుకని ఎవరూ వేయలేదు. ఈ ప్రోగ్రామ్ నడవాలంటే తెలుగు ఫాంట్ ఉండాలని కుర్రవాడు ఎక్కడా రాయలేదు. తన దగ్గర అది ఎప్పుడూ ఉంది కాబట్టి, అదొక అవసరమన్న సంగతే అతనికి తట్టలేదు.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణే. కానీ తెలుగులో పత్రాలు ముద్రించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసినవాళ్లలో ఈ ఖాళీ గళ్లు చూడనివాళ్లు తక్కువ. 'నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది' అన్న మాట మాదాపూర్ ఆఫీసుల్లో రోజూ వినిపిస్తుంది. అన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. అతని మెషీన్‌లో నిజంగానే పనిచేస్తోంది. లోపం అతని కోడ్‌లో లేదు, అతని మెషీన్‌కూ అవతలి మెషీన్‌కూ మధ్య ఉన్న తేడాలో ఉంది. ఆ తేడాను ఎవరూ ఎక్కడా రాసిపెట్టకపోవడమే అసలు చిక్కు.

బనకచర్ల గేట్ల దగ్గర

పాములపాడు మండలంలోనే బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ ఉంది. శ్రీశైలం జలాశయం నీరు పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ దగ్గర కాలువలో పడి, సుమారు 16 కిలోమీటర్లు వచ్చి ఇక్కడ చీలుతుంది. ఒక పాయ తెలుగుగంగ కాలువగా వెలుగోడు రిజర్వాయర్‌కు పోతుంది. ఇంకొకటి శ్రీశైలం కుడి బ్రాంచి కాలువగా గోరుకల్లు వైపు సాగుతుంది. మూడోది నిప్పులవాగు మీదుగా గాలేరులో, అటునుంచి కుందూలో కలుస్తుంది.

కట్టడం ఒక్కటే. ఏ రోజు ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులు పోవాలన్నది మాత్రం గేట్లు ఎంత ఎత్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. శ్రీశైలంలో నీటిమట్టం 885 అడుగులకు చేరిన రోజుల్లో ఒక లెక్క, మట్టం పడిపోయిన రోజుల్లో ఇంకో లెక్క. గేటు ఎత్తు మార్చాలని ఎవరూ కాంక్రీటు పగలగొట్టరు. అలాగే ఎంత ఎత్తారో కాగితం మీద పెట్టకుండా గేటు కదిపితే దిగువన ఉన్నవాళ్లకు ఏమవుతుందో ఆ ప్రాంతపు రైతులకు చెప్పనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌లో కోడ్ ఆ కాంక్రీటు. డేటాబేస్ ఏ చిరునామాలో ఉంది, దాని పాస్‌వర్డ్ ఏమిటి, అవతలి నుంచి జవాబు రాకపోతే ఎన్ని సెకన్లు ఆగాలి, ఎస్సెమ్మెస్‌లు నిజంగా పంపాలా వద్దా, గడియారం ఏ దేశపు సమయం చూపాలి అనేవన్నీ గేట్లు. వీటిని కాన్ఫిగరేషన్ అంటారు. వాడుకలో సెట్టింగులు. చోటును బట్టి మారేవి సెట్టింగులు, ఎక్కడికెళ్లినా మారకూడనిది కోడ్. ఈ విభజన వినడానికి తేలిక. కానీ పని ఒత్తిడిలో ప్రోగ్రామర్ డేటాబేస్ చిరునామాను కోడ్ మధ్యలోనే రాసేస్తాడు. అంటే గేటును కాంక్రీటులో పోసి బిగించేసినట్టే. ఇక చోటు మారినప్పుడల్లా కోడ్‌ను తవ్వాలి. తవ్విన ప్రతిసారీ ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోయే అవకాశం ఉంటుంది.

■ బాక్స్: ఒకే ప్రోగ్రామ్‌కు మూడు చోట్లు

డెవలప్‌మెంట్: ప్రోగ్రామ్ రాసేవారి సొంత కంప్యూటర్. ఇక్కడ తప్పులు జరగాలి, జరిగితే వివరాలన్నీ తెర మీద కనిపించాలి. డేటా అంతా నకిలీది, పదో ఇరవయ్యో పేర్లుంటాయి.

స్టేజింగ్: అసలు సర్వర్‌ను వీలైనంత పోలి ఉండే పరీక్ష సర్వర్. జనం ముందుకు పోయే ముందు చివరిసారి నడిపి చూసే చోటు ఇది.

ప్రొడక్షన్: జనం నిజంగా వాడే చోటు. ఇక్కడ డబ్బు నిజం, పేర్లు నిజం, పడే ఇబ్బందీ నిజం. తప్పు జరిగితే లోపలి వివరాలు వాడుకరికి కనిపించకూడదు, నిర్వాహకుల లాగ్‌లోకి మాత్రం చేరాలి.

మొదటి చోట ఉండాల్సిన సెట్టింగు మూడో చోట ఉంటే ప్రమాదం. ఉదాహరణకు డీబగ్ అనే మీట డెవలప్‌మెంట్‌లో వేసి ఉంటుంది. దాన్ని ప్రొడక్షన్‌లో తీయడం మరిచిపోతే, చిన్న పొరపాటు దొర్లినా లోపలి ఫైళ్ల పేర్లు, ఒక్కోసారి రహస్య వివరాలు కూడా ఊరందరికీ కనిపిస్తాయి.

తొమ్మిది సంకేతాలు, ఇరవై ఏడు బైట్లు

తేడాలు ఎంత చిన్నవిగా ఉంటాయో దగ్గరగా చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. మళ్లీ 'పాములపాడు' పేరే తీసుకుందాం. ఇంగ్లిష్‌లో రాస్తే 10 అక్షరాలు. కంప్యూటర్ దాచుకునేటప్పుడు ఒక్కో అక్షరానికి ఒక బైట్ చొప్పున 10 బైట్లు సరిపోతాయి. తెలుగులో రాస్తే హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి యూనికోడ్ లెక్కలో 9 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. మొత్తం 27. ఊరి పేరుకు 20 బైట్లు చాలని డేటాబేస్‌లో గడి కేటాయించి, పరీక్షలన్నీ ఇంగ్లిష్ పేర్లతో చేస్తే అన్నీ నెగ్గుతాయి. తెలుగు పేరు వచ్చిన రోజున గడి చాలదు. కొన్ని డేటాబేసులు ఒప్పుకోనని చెప్తాయి. కొన్ని సగం పేరు కోసేసి ఊరుకుంటాయి. రెండోది మరీ చెడ్డది.

ఇంకో రకం కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 2018లో 8.0 రూపం వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే పశ్చిమ ఐరోపా లిపులకు సరిపోయే లాటిన్1 పద్ధతినే వాడేది. ఆ రూపం నుంచి ప్రపంచ లిపులన్నిటినీ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 మామూలు పద్ధతి అయింది. ల్యాప్‌టాప్‌లో కొత్త రూపం, ప్రొడక్షన్‌లో పాత రూపం ఉంటే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. అలా ఒకసారి ప్రశ్నార్థకంగా దాచిన పేరును మళ్లీ పేరుగా మార్చలేం. ఎవరి పేరు పోయిందో వాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

గడియారం సంగతి చూడండి. ల్యాప్‌టాప్ మన సమయం చూపుతుంది. సర్వర్లను సాధారణంగా అంతర్జాతీయ సమయంలో, అంటే యూటీసీలో పెడతారు. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి మనకు అర్ధరాత్రి దాటాక 5:30 వరకు సర్వర్‌కు ఇంకా నిన్నే. తెల్లవారుజామున 5 గంటలకు పాలకేంద్రంలో పోసిన పాలు నిన్నటి తేదీతో ఖాతాకెక్కుతాయి. 5:30 తర్వాత పోసినవి సరిగ్గానే ఎక్కుతాయి. పగలు పది గంటలకు ఆఫీసుకొచ్చి పరీక్షించే ప్రోగ్రామర్‌కు ఈ తప్పు ఏనాటికీ కనిపించదు.

తేదీ రాసే తీరు ఇంతకన్నా మోసం చేస్తుంది. మనం 04/07 అంటే జూలై 4. సర్వర్ అమెరికా పద్ధతిలో ఉంటే దానికి ఏప్రిల్ 7. నెలలో 13వ తేదీ నుంచి యంత్రం ఎదురు తిరుగుతుంది, 13వ నెల లేదు కాబట్టి. 1 నుంచి 12 వరకు మాత్రం తప్పుడు తేదీ కిక్కురుమనకుండా లోపలికి దిగిపోతుంది. నెల మధ్యలో ఎవరో ఫిర్యాదు చేసేసరికి అప్పటిదాకా ఎక్కిన తేదీల్లో చాలావరకు తారుమారై ఉంటాయి.

ఫైళ్ల పేర్లలోనూ ఇదే తంతు. ఒకే పేరును పెద్దబడి అక్షరంతో రాసినా చిన్నబడి అక్షరంతో రాసినా విండోస్ ఒకటేననుకుంటుంది. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ల్యాప్‌టాప్‌లో కనిపించిన బొమ్మ సర్వర్‌లో మాయమైందంటే అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసేది దీన్నే.

ఇక అన్నిటికన్నా పెద్ద తేడా మనుషులది. ఆఫీసులో పరీక్షకు వేలిముద్ర పెట్టేది కీబోర్డు మీద పనిచేసే వేలు. రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం మీద వేలు పెట్టేది ఏళ్ల తరబడి కలుపు తీసి, రాళ్లు మోసి గీతలు అరిగిపోయిన ఒక ముసలావిడ చెయ్యి. ఆఫీసులో నెట్ ఫైబర్ తీగ మీద వస్తుంది. నల్లమల అంచు ఊళ్లలో టవర్ సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. 'జవాబు కోసం 3 సెకన్లు ఆగు' అన్న సెట్టింగు ఆఫీసులో ధారాళంగా సరిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఆ 3 సెకన్లూ దాటిపోతే యంత్రం విఫలమైందని చెప్తుంది. ఆ ముసలావిడ మళ్లీ వేలు పెట్టాలి, మళ్లీ పెట్టాలి, చివరికి రేపు రమ్మంటారు. సమస్య ఆవిడ వేలిదని అక్కడున్న అందరూ అనుకుంటారు. నా ఉద్దేశంలో సెట్టింగుల విషయం సాంకేతిక నిపుణుల గదికి పరిమితం కాకూడదనడానికి ఇదొక్కటే చాలు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్ సేవ వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కు ప్రొడక్షన్ అంటే చల్లటి గదిలోని సర్వర్ ఒక్కటే కాదు. ప్రతి సచివాలయపు కంప్యూటరూ, ప్రతి ఇంటి ఫోనూ ప్రొడక్షనే.

ఎనిమిదింట ఒక్క సర్వర్

ఒక్క తేడా ఎంత నష్టం చేయగలదో చూపడానికి ఈ రంగంలో అందరూ చెప్పుకునే సంఘటన అమెరికాలో జరిగింది. నైట్ కాపిటల్ అప్పట్లో షేర్ల లావాదేవీలు నడిపే పెద్ద సంస్థ. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో మొదలయ్యే కొత్త పద్ధతి కోసం వాళ్లు కొత్త కోడ్ రాసి 8 సర్వర్లలో వేయాలనుకున్నారు. 7 సర్వర్లలో వేశారు. ఎనిమిదో దాంట్లో వేయడం మరిచారు. వేశారో లేదో రెండో మనిషి సరిచూడలేదు.

ఆ ఎనిమిదో సర్వర్‌లో పవర్ పెగ్ అనే పాత పని తాలూకు కోడ్ ఇంకా ఉంది. దాన్ని వాడటం మానేసింది 2003లో. మానేశారు గానీ తీసేయలేదు. పైగా పవర్ పెగ్‌ను నడపడానికి ఒకప్పుడు వాడిన మీటనే కొత్త కోడ్‌ను నడపడానికి మళ్లీ వాడుకున్నారు. మార్కెట్ తెరుచుకోగానే మీట పడింది. 7 సర్వర్లలో కొత్త కోడ్ సవ్యంగా నడిచింది. ఎనిమిదో దాంట్లో తొమ్మిదేళ్లుగా పనిలేని పాత కోడ్ లేచింది. ఇన్ని షేర్లు కొన్నాం, ఇక చాలు అని లెక్క చూసి ఆపే భాగాన్ని 2005లోనే వేరే చోటికి మార్చేశారు. కాబట్టి దానికి ఆగడం తెలియదు. ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపుతూనే పోయింది. దాదాపు 45 నిమిషాల్లో సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం.

అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ విచారణలో ఇంకో సంగతి బయటపడింది. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే సంస్థ వ్యవస్థ తనంతట తాను 97 ఈ-మెయిళ్లు పంపింది. వాటిలో పవర్ పెగ్ పేరు ఉంది. అవి హెచ్చరికలుగా తయారుచేసినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. యంత్రం తేడాను గుర్తించింది, చెప్పింది కూడా. వినాల్సిన మనిషి ఫలానా అని ముందే ఏర్పాటు చేయలేదు.

శంషాబాద్‌లో చేతిరాత బోర్డింగ్ పాస్

నైట్ కాపిటల్ దూరపు కథ అనిపిస్తే, 2024 జూలై 19 శుక్రవారం శంషాబాద్ విమానాశ్రయంలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఇండిగో సిబ్బంది ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడు తన చేతిరాత పాస్ ఫోటో పెడితే దేశమంతా చూసింది. ఆ రోజు ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెరతో ఆగిపోయాయి. ఇది మొత్తం విండోస్ కంప్యూటర్లలో నూటికి ఒకటి కూడా కాదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ ఆ కొద్దిపాటివి విమానాశ్రయాల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో ఉన్నాయి.

కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన సమయం ప్రకారం ఉదయం 9:39కి పంపిన ఒక చిన్న ఫైలు. అది కొత్త ప్రోగ్రామ్ కాదు, ఉన్న ప్రోగ్రామ్‌కు ఏం వెతకాలో చెప్పే వివరాల జాబితా. మన లెక్కలో గేటు సర్దుబాటు. ఆ జాబితా నమూనాలో 21 గడులున్నాయి. దాన్ని చదివే కోడ్‌కు అందేవి 20 మాత్రమే. అంతకుముందు పంపిన జాబితాల్లో 21వ గడిలో 'ఏదైనా సరే' అన్న గుర్తు ఉండేది. అలా ఉంటే యంత్రం ఆ గడిని తెరిచి చూడాల్సిన పనిలేదు. పరీక్షలన్నీ అలాంటి జాబితాలతోనే జరిగాయి, అన్నీ నెగ్గాయి. 19న వచ్చిన జాబితాలో మొదటిసారిగా 21వ గడిలో నిజమైన విలువ ఉంది. కోడ్ లేని గడి కోసం మెమరీలో తన హద్దు దాటి చూసింది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో జరిగే పని కాబట్టి యంత్రమే కూలిపోయింది. ఉదయం 10:57కి ఫైలును వెనక్కి తీసుకున్నారు. అప్పటికే కూలిన యంత్రాల్లో చాలావాటిని ఒక్కొక్కదాని దగ్గరికి మనిషి వెళ్లి బాగు చేయాల్సి వచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఆ సంస్థ తన ప్రోగ్రామ్ కొత్త రూపాన్ని విడుదల చేసేటప్పుడు దశలవారీగా పంపేది. కొత్త రూపం వద్దు, ఒక మెట్టు పాతదే ఉంచమని కస్టమర్లు కోరుకునే వీలుండేది. కానీ ఈ జాబితాలకు ఆ దశలు లేవు. ఒక్కసారే అందరికీ వెళ్లాయి. కోడ్ మార్పును భయంతో చూసిన వ్యవస్థ సెట్టింగు మార్పును ధైర్యంగా వదిలేసింది. 'కోడ్ ముట్టుకోలేదు, సెట్టింగు ఒక్కటే మార్చాం' అన్న మాట ఏ ఆఫీసులో వినిపించినా అది ఊరట కలిగించే మాట కాదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు 6 గంటలపాటు మాయమైందీ సెట్టింగు మార్పుతోనే.

తేడాలను ఎక్కడ పెట్టాలి?

2011 ప్రాంతంలో హెరోకు అనే సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ తమ అనుభవాన్నంతా 12 సూత్రాలుగా రాశారు. వాటిలో మూడోది, కోడ్ వేరు సెట్టింగులు వేరు అన్నది. పదోది, డెవలప్‌మెంట్‌నూ ప్రొడక్షన్‌నూ వీలైనంత ఒకేలా ఉంచమన్నది. మూడో సూత్రానికి ఆయన పెట్టిన పరీక్ష బాగుంటుంది. మీ కోడ్ మొత్తాన్ని ఈ క్షణం లోకం ముందు పెట్టేస్తే ఒక్క పాస్‌వర్డ్ అయినా బయటపడుతుందా? పడితే మీ గేట్లు ఇంకా కాంక్రీటులోనే ఉన్నాయి. 2016లో ఉబర్ నుంచి 5.7 కోట్ల మంది వివరాలు పోయింది ఇలాగే. కోడ్ దాచుకునే చోట తాళపు సంకేతం దొరికింది, దానితో డేటా నిల్వ తెరుచుకుంది.

మరి సెట్టింగులు ఎక్కడ ఉండాలి? ఆ యంత్రానికే చెందిన ఒక జాబితాలో. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఆ జాబితా చదువుకుంటుంది: డేటాబేస్ చిరునామా ఇది, టైమ్ జోన్ ఇది, ఎస్సెమ్మెస్‌లు పంపాలా అంటే వద్దు. ల్యాప్‌టాప్‌లో ఒక జాబితా, స్టేజింగ్‌లో ఒకటి, ప్రొడక్షన్‌లో ఒకటి. కోడ్ మాత్రం మూడు చోట్లా అక్షరం తేడా లేకుండా అదే. పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాలను ఈ జాబితాలో కూడా కాకుండా విడిగా, తాళం వేసిన నిల్వలో ఉంచుతారు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్తకు చాలామంది ఇవ్వాల్సినంత విలువ ఇవ్వరు. జాబితాలో ఉండాల్సినది లేకపోతే ప్రోగ్రామ్ ఏం చేయాలి? టైమ్ జోన్ చెప్పలేదు కదా, యూటీసీ అనుకుందాం అని సర్దుకుపోవడం తేలిక. అలా సర్దుకున్న ప్రోగ్రామ్ నెలల తరబడి తప్పుడు తేదీలు వేస్తుంది. మొదలవుతూనే 'టైమ్ జోన్ ఇవ్వలేదు, నేను నడవను' అని ఆగిపోయే ప్రోగ్రామ్ మేలు. మొదటి నిమిషంలో ఆగితే నష్టం ఒక ఇంజినీర్ అరగంట. తెలుగు ఫాంట్ ఉందో లేదో కూడా ఇలాగే మొదట్లోనే అడిగి చూసుకోవచ్చు.

ఫాంట్లు, లైబ్రరీలు, డేటాబేస్ సాధనాల రూపాలు వంటి చుట్టుపక్కల సరంజామా అంతటినీ కోడ్‌తో కలిపి కట్టేసే పద్ధతి కూడా వచ్చింది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అమెరికాలో జరిగిన పైథాన్ సదస్సులో డాకర్‌ను చూపించారు. ప్రోగ్రామ్‌కు కావాల్సినవన్నీ ఒకే ఇమేజ్‌గా తయారవుతాయి. ల్యాప్‌టాప్‌లో నడిచేదీ ఆ ఇమేజే, సర్వర్‌లో నడిచేదీ ఆ ఇమేజే. అందులో తెలుగు ఫాంట్ వేస్తే రెండు చోట్లా ఉంటుంది, వేయకపోతే రెండు చోట్లా ఉండదు. అప్పుడు ఖాళీ గళ్లు ప్రోగ్రామ్ రాసినవాడికే మొదట కనిపిస్తాయి.

అయినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. ఏదో రాత్రి ప్రొడక్షన్ తడబడితే ఒక ఇంజినీర్ నేరుగా సర్వర్‌లోకి వెళ్లి ఒక సంఖ్య మారుస్తాడు. పని జరుగుతుంది. అందరూ మెచ్చుకుంటారు. ఆ మార్పు ఏ జాబితాలోనూ ఉండదు. ఆరు నెలలకు కొత్త సర్వర్ పెడితే పాత జబ్బు తిరగబెడుతుంది. అందుకే సెట్టింగుల జాబితాను కూడా కోడ్‌లాగే చరిత్రతో సహా దాస్తారు: ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు. సర్వర్‌లో నిజంగా ఉన్నదీ జాబితాలో రాసినదీ ఒకటేనా అని యంత్రమే రోజూ పోల్చి చూసే ఏర్పాటూ ఉంటుంది. ఈ పోలిక తప్పనిసరి అనే నేనంటాను. రాసినదాన్ని అమలుతో పోల్చకపోతే రాసిన ప్రయోజనం ఉండదు.

పరీక్ష ఏది, నిజం ఏది?

రెండు చోట్లను ఒకేలా ఉంచమన్నాం. కానీ మనిషి కంటికి మాత్రం అవి ఒకేలా కనిపించకూడదు. 2018 జనవరి 13 ఉదయం 8:07కి అమెరికాలోని హవాయి దీవుల్లో జనం ఫోన్లకు క్షిపణి దాడి హెచ్చరిక వచ్చింది. తప్పని చెప్పే రెండో సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ రోజు జరుగుతున్నది అంతర్గత అభ్యాసం. అక్కడి ఉద్యోగి దాన్ని నిజమనుకుని నిజమైన హెచ్చరిక పంపాడు. హెచ్చరికలు పంపే సాఫ్ట్‌వేర్‌లో అభ్యాసానికీ అసలుకూ మధ్య కంటికి తెలిసే తేడా చాలలేదని విచారణలో తేల్చారు.

మన దేశంలో 2023లో పలుచోట్ల ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి, టెలికం శాఖ పంపిన నమూనా సందేశం ఇది అని తెర మీద చూపించాయి. కోట్ల ఫోన్లకు సందేశం చేరుతుందో లేదో తెలుసుకోవడానికి నకిలీ దేశం కట్టలేం. ప్రొడక్షన్‌లోనే పరీక్షించక తప్పదు. అలాంటప్పుడు అది పరీక్షేనని సందేశంలోనే స్పష్టంగా రాయాలి. టెలికం శాఖ ఆ పని చేసింది.

గిట్‌ల్యాబ్ అనే సంస్థకు 2017 జనవరి 31న జరిగినది ఇంకా నేర్పుతుంది. ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకుని, ప్రొడక్షన్ సర్వర్‌లో డేటా తుడిచే ఆదేశం ఇచ్చాడు. పొరపాటు తెలిసి ఆపేసరికి 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. బ్యాకప్‌లు చూస్తే అవి ఖాళీ. డేటాబేస్ 9.6 రూపంలో ఉంటే, బ్యాకప్ తీసే సాధనం 9.2 రూపంలో ఉంది. రెండింటికీ పొసగక బ్యాకప్ ప్రతిసారీ విఫలమైంది. విఫలమైందని చెప్పే ఈ-మెయిళ్లను మెయిల్ సర్వర్ ఇంకో సెట్టింగు లోపం వల్ల తిరస్కరించింది. చివరికి వాళ్లను కాపాడింది స్టేజింగ్. పరీక్షల కోసమని ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటుంటే దాన్నుంచే డేటాబేస్ తిరిగి కట్టారు. తర్వాత చేసిన దిద్దుబాట్లలో ఒకటి చాలా మామూలుది. ఇంజినీర్ టైపు చేసే చోట, తాను ఏ సర్వర్‌లో ఉన్నాడో, అది ప్రొడక్షనో కాదో కొట్టొచ్చినట్టు కనపడేలా మార్చారు.

కొద్దిగా, ముందు కష్టమైన చోట

ఎంత చేసినా కొన్ని తేడాలు మిగులుతాయి. పండగ ముందురోజు రద్దీని స్టేజింగ్‌లో పూర్తిగా పుట్టించలేం. అరిగిన వేళ్లను ఆఫీసులో తయారు చేయలేం. అందుకని మార్పును ముందు కొద్దిమందికి పంపి, తప్పుల లెక్క చూసి, బాగుంటే పెంచుకుంటూ పోతారు. 2024 తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ తన జాబితాలకూ ఈ దశలు పెట్టింది. ఎప్పుడు, ఏ యంత్రాలకు తీసుకోవాలో కస్టమర్లే ఎంచుకునే వీలు ఇచ్చింది.

ఆ మొదటి కొద్దిమంది ఎవరన్నదే కీలకం. సాధారణంగా దగ్గరలో ఉన్నవాళ్లను, నెట్ బాగున్న చోట్లను ఎంచుకుంటారు. అక్కడ అన్నీ సవ్యంగా ఉంటాయి కాబట్టి ఏమీ తెలియదు. సిగ్నల్ బలహీనమైన ఊరు ఒకటి, ముసలివాళ్లు ఎక్కువగా వచ్చే కేంద్రం ఒకటి, పొడవాటి తెలుగు పేర్లున్న జాబితా ఒకటి, పాత కంప్యూటర్ ఉన్న సచివాలయం ఒకటి మొదటి విడతలోనే ఉండాలి. ఆగిపోయేది అక్కడైతే అసలు తేడాలు ఏవో బయటపడతాయి. ఆ రోజు పని చెడకుండా పాత పద్ధతి పక్కనే సిద్ధంగా ఉంచాలి. పరీక్ష కోసం ఎవరి రేషనూ ఆగకూడదు.

పాత పద్ధతికి మళ్లడంలో కూడా ఒక మెలిక ఉంది. నైట్ కాపిటల్ ఇంజినీర్లు ఆ 45 నిమిషాల్లో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తప్పు కొత్త కోడ్‌దేనని అనుకుని, 7 సర్వర్ల నుంచీ దాన్ని తీసేసి పాత కోడ్ పెట్టారు. మీట మాత్రం అలాగే పడి ఉంది. దాంతో అంతదాకా ఒక్క సర్వర్‌లో నడుస్తున్న పవర్ పెగ్ ఎనిమిదింటిలోనూ లేచింది. కోడ్‌ను వెనక్కి తీసుకున్నారు, సెట్టింగును వెనక్కి తీసుకోలేదు. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా పనిచేసే బృందాలు ఫలానా కోడ్ రూపానికి ఫలానా సెట్టింగుల రూపం అని రెండింటికీ కలిపి ఒకే సంఖ్య వేస్తాయి. వెనక్కి మళ్లాల్సి వస్తే రెండూ కలిసే మళ్లుతాయి. ఆ మళ్లింపును స్టేజింగ్‌లో ముందే ఒకసారి చేసి చూశాకే కొత్త రూపాన్ని జనం ముందుకు వదులుతాయి.